డిక్సీ చికెన్‌కి మొదటిసారి వెళ్తున్నారా? శుక్రవారం రాత్రి మాత్రం వద్దు

మా ల్యాబ్‌లో ఒక టెక్సాస్ కుర్రాడు ఉండేవాడు, నేను కాలేజ్ స్టేషన్‌లో (టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఉన్న ఊరు) దిగిన రెండో వారంలో "సాయంత్రం చికెన్‌కి వస్తావా" అని అడిగాడు. నేను పాపం ఫ్రైడ్ చికెన్ అనుకుని మధ్యాహ్నం అన్నం మానేసి, కడుపు ఖాళీగా పెట్టుకుని మరీ వెళ్ళా. వెళ్ళి చూస్తే చెక్క గోడలు, గోడల నిండా చచ్చిన జంతువుల తలకాయలు, గ్లాస్ పెట్టెలో బతికున్న రాటిల్ స్నేక్, టేబుల్ నిండా కత్తితో చెక్కిన పేర్లు, ప్రతి చేతిలో బీరు. అది డిక్సీ చికెన్. అక్కడ ఎవరూ పూర్తి పేరు అనరు, ఉత్త చికెన్ అంటారు అంతే. ఖాళీ కడుపుతో బీరు తాగితే ఏమవుద్దో మీకు నేను చెప్పక్కర్లేదు.

అప్పటినుంచి ప్రతి ఆగస్టులో మన జూనియర్లు ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు, అన్నా ఈ చికెన్ అంటే ఏంటి, ఎలా వెళ్ళాలి, ఏం చెయ్యాలి, తాగకపోతే ఏమన్నా అనుకుంటారా అని. విడివిడిగా అందరికీ చెప్పి చెప్పి నోరు పడిపోయింది కాబట్టి ఒకేసారి రాసి పడేస్తున్నా, టెక్సాస్ ఏ అండ్ ఎంకి వచ్చే తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఇక్కడే చదువుకోండి.

ముందు ఎక్కడుందో చెప్తా. క్యాంపస్‌కి ఉత్తరం పక్కన యూనివర్సిటీ డ్రైవ్ అని పెద్ద రోడ్డు ఉంటది, అది దాటగానే నార్త్‌గేట్ అని బార్ల పేట. క్యాంపస్ ఉత్తరం గేటు వైపు కాబట్టి ఆ పేరు, అంతకుమించి కవిత్వం ఏం లేదు. చికెన్ ఆ యూనివర్సిటీ డ్రైవ్ మీదే ఉంది, క్యాంపస్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు, కారు అస్సలు వద్దు, ఎందుకు వద్దో కింద విడిగా చెప్తా అది చాలా ముఖ్యం.

ఇప్పుడు కొంచెం చరిత్ర. బోర్ అనుకోకండి, ఇది తెలిస్తేనే ఆ బార్ అలా ఎందుకుందో అర్థమవుద్ది. ఈ కాలేజీ 1876లో మొదలైంది, మొదట్లో మగపిల్లలే, అదీ మిలిటరీ కాలేజీ లాగా అందరూ యూనిఫారం వేసుకుని కవాతు చెయ్యాల్సిందే. అమ్మాయిల్ని రెగ్యులర్‌గా చేర్చుకోవడం 1963లో మొదలైంది, అదీ ముందు కొంతమందినే, కాలేజీ పేరు టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ అని మారింది కూడా ఆ ఏడే. కార్ప్స్ ఆఫ్ కేడెట్స్‌లో (ఆ యూనిఫారం కవాతు దళంలో) చేరడం కంపల్సరీ కాదు అన్నది 1965లో. అంటే అరవైల్లో ఆ ఊరు ఒక్కసారిగా మారిపోయింది. ఆ తర్వాత 1973లో టెక్సాస్ వాళ్ళు మందు తాగే వయసు 18కి దించారు. సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 1974లో, డాన్ గాంటర్, డాన్ యాంజ్ అని ఇద్దరు డాన్‌లు కలిసి డిక్సీ చికెన్ తెరిచారు. క్యాంపస్ గేటు ఎదురుగా, కొత్తగా యూనిఫారాలు విప్పిన వేలమంది పిల్లలు, అందులో ఫ్రెషర్‌కి కూడా లీగల్‌గా బీరు పోయొచ్చు. టైమింగ్ అంటే అదీ. తర్వాత 1981లో వయసు 19 చేశారు, 1986లో 21 చేశారు, కానీ అప్పటికే చికెన్ వేళ్ళు పాతేసింది. దేశం మొత్తంలో చదరపు అడుగుకి ఎక్కువ బీరు అమ్మే బార్ మాదే అని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు, ఆ లెక్క ఎవరు కొలిచారని అడక్కండి, మన ఊళ్ళో ప్రతి బిర్యానీ సెంటర్ "వరల్డ్ ఫేమస్" అని బోర్డు పెట్టినట్టే. శుక్రవారం రాత్రి ఆ తోపులాట చూస్తే మాత్రం నిజమేనేమో అనిపిస్తది.

అందుకే నా మొదటి సలహా, శుక్రవారం రాత్రి వెళ్ళకండి. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారాంతం అయితే ఇంకా వద్దు. కైల్ ఫీల్డ్ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు (లెక్క ప్రకారం 102,733), హోమ్ మ్యాచ్ ముందు రోజు అర్ధరాత్రి మిడ్‌నైట్ యెల్ అని స్టేడియంలో వేలమంది చేరి అరుపులు ప్రాక్టీస్ చేస్తారు, అందులో చాలామంది అంతకుముందో ఆ తర్వాతో నార్త్‌గేట్ మీద పడతారు. తిరుపతి కొండ మీద వైకుంఠ ఏకాదశి లాగా ఉంటది, లైన్‌లో నిలబడ్డమే గానీ లోపల చూసేది ఏం ఉండదు. మనోళ్ళు నూటికి తొంభై మంది ఇలాంటి రోజే మొదటిసారి వెళ్ళి "ఏముంది అన్నా అక్కడ, గోల" అని తిరిగొచ్చి మళ్ళీ జన్మలో వెళ్ళరు. అది చికెన్‌ని చూసినట్టు కాదు, దాని ముందు ట్రాఫిక్‌ని చూసినట్టు.

వెళ్ళాల్సింది మామూలు వారంలో, మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య. అప్పుడు సగం ఖాళీగా ఉంటది, ఎండ కిటికీలోంచి పడుద్ది, ఏ మూలో ఒక ముసలాయన, వేలికి బంగారు ఉంగరం, ఒక్కడే కూర్చుని బీరు తాగుతుంటాడు. ఆయన దగ్గరకెళ్ళి "హౌడీ" అనండి. హౌడీ అనేది ఈ యూనివర్సిటీ అధికారిక పలకరింపు, క్యాంపస్‌లో ముక్కూ మొహం తెలియనోళ్ళు కూడా అంటారు, మొదట్లో మనకి సిగ్గేస్తది కానీ అలవాటైపోద్ది. ఆయన గ్యారెంటీగా మీతో మాట్లాడతాడు, ఏ బ్యాచ్ అని మీరు అడిగితే ఇంక గంట సేపు ఆగడు.

డోర్ దగ్గర ఏం కావాలంటే, ఒరిజినల్ పాస్‌పోర్ట్ లేదా టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్. ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫోటో చూపిస్తే కుదరదు, ఇండియా లైసెన్స్ చూపిస్తే ఆ కుర్రాడు దాన్ని తిప్పి తిప్పి చూసి తిరిగిచ్చేస్తాడు. పాస్‌పోర్ట్ పట్టుకుని బార్‌కి వెళ్ళడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు, నా రూమ్మేట్ ఒకడు పోగొట్టుకుని హ్యూస్టన్ కాన్సులేట్ చుట్టూ తిరిగాడు, కాబట్టి వచ్చిన మొదటి సెమిస్టర్‌లోనే టెక్సాస్ లైసెన్సో స్టేట్ ఐడీనో తీసేసుకోండి. 21 నిండని వాళ్ళకి టెక్సాస్ లైసెన్స్ నిలువుగా ప్రింట్ చేస్తారు, డోర్ దగ్గరోడికి దూరం నుంచే తెలిసిపోద్ది, కాబట్టి అండర్‌గ్రాడ్ పిల్లలు తెలివితేటలు చూపించకండి.

లోపలికెళ్ళాక కౌంటర్ దగ్గర మీరే వెళ్ళి అడగాలి. ట్యాబ్ ఓపెన్ చెయ్యాలా అంటాడు, అంటే మీ కార్డు వాడి దగ్గర పెట్టుకుని చివర్లో ఒకేసారి బిల్లు వేస్తాడు, గుంపుగా వెళ్ళినప్పుడు ఒకడి కార్డు మీద పదిమంది తాగి జారుకుంటారు జాగ్రత్త. నా మాట విని ఏ డ్రింక్‌కి ఆ డ్రింక్ డబ్బులు కట్టేయండి, ఒక్కోదానికి ఒక డాలర్ టిప్ పెట్టండి. ఏం తాగాలో తెలియకపోతే షైనర్ బాక్ అడగండి, షైనర్ అనే చిన్న ఊళ్ళో 1909 నుంచి నడుస్తున్న బ్రూవరీది, ముదురు రంగులో ఉంటది గానీ చేదు తక్కువ. తాగనోళ్ళు కోక్ తీసుకుని కూర్చోండి, ఎవడూ ఏం అనడు, నేను ఒక సెమిస్టర్ మొత్తం అలాగే కూర్చున్నా. బర్గర్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు మాత్రం బీఫా కాదా అని అడిగి మరీ తీసుకోండి, అక్కడ ఉత్త బర్గర్ అంటే బీఫే.

ఇక అసలు సంగతి, నేను ఇదంతా రాసేది దీనికోసమే. చికెన్‌లో డామినోలు ఆడతారు. మనకి డామినోలు అంటే వరసగా నిలబెట్టి పడగొట్టేవి, లేదా పిజ్జా. టెక్సాస్‌లో మాత్రం వాటితో ఫార్టీ టూ అని తురుపు ఆట ఆడతారు, మన పేకాట తెలిసినోడికి అరగంటలో వచ్చేస్తది. దీని పుట్టుక కథ కూడా బావుంటది, 1887లో గార్నర్ అనే ఊళ్ళో ఇద్దరు పిల్లలు పేకాడుతూ దొరికిపోయారంట, వాళ్ళ ఇళ్ళల్లో బాప్టిస్టులు (ఒక క్రైస్తవ శాఖ), పేక ముక్క పట్టుకోవడం పాపం. డామినోలు పాపం కాదుగా, అందుకని అదే ఆటని వాటిలోకి మార్చేశారు. 2011లో టెక్సాస్ అసెంబ్లీ దీన్ని రాష్ట్ర అధికారిక డామినో ఆట అని తీర్మానం కూడా చేసింది. మన దగ్గర పేకాటకి రైడ్ చేస్తారు, అక్కడ తీర్మానం చేశారు.

ఎలా ఆడాలంటే, నలుగురు, ఎదురెదురు ఇద్దరూ జోడీ. 28 బిళ్ళలు బోర్లా వేసి కలిపి ఒక్కొక్కరు ఏడు తీసుకుంటారు. కలిపినోడికి ఎడమ పక్క వాడు మొదలుపెట్టి పాట పాడాలి (వేలంపాట లాంటి పాట), ఒక్కొక్కరికి ఒక్కసారే ఛాన్స్, కనీసం 30, పైకి 42 దాకా. ఎక్కువ పాడినోడు తురుపు చెప్తాడు, అంటే సున్నా నుంచి ఆరు దాకా ఏ నంబరు తురుపో, చెప్పి మొదటి బిళ్ళ వాడే వేస్తాడు. ఒక బిళ్ళ మీద రెండు నంబర్లు ఉంటాయి కదా, వేసిన బిళ్ళలో పెద్ద నంబరు ఏదో అది ఆ చుట్టుకి రంగు, తురుపు బిళ్ళ వేస్తే మాత్రం తురుపే రంగు. మీ దగ్గర ఆ రంగు ఉంటే వెయ్యాల్సిందే, లేకపోతే తురుపుతో కోసుకోవచ్చు. ఏ రంగులో అయినా డబుల్ పెద్దది, అంటే ఆరు తురుపైతే ఆరు ఆరు అన్నిటికన్నా పెద్దది, దాని తర్వాత ఆరు ఐదు, అలా కిందకి.

లెక్క ఇలాగ. మొత్తం ఏడు చుట్లు, అంటే ఏడు పట్లు, పట్టుకి ఒక పాయింటు, అవి ఏడు. తర్వాత చుక్కలు కూడితే ఐదు వచ్చే బిళ్ళలు మూడు, ఐదు సున్నా, నాలుగు ఒకటి, మూడు రెండు, ఇవి ఒక్కోటి ఐదు పాయింట్లు. కూడితే పది వచ్చేవి రెండు, ఐదు ఐదు, ఆరు నాలుగు, ఇవి ఒక్కోటి పది. పదిహేనూ ఇరవై కలిపి ముప్పై ఐదు, దానికి పట్ల ఏడు కలిపితే 42, ఆట పేరు అందుకే అది. పాడినంత తెచ్చుకుంటే మీకో గీత, లేకపోతే వాళ్ళకో గీత, ముందు ఏడు గీతలు ఎవరికొస్తే వాళ్ళు గెలిచినట్టు. ఆ గీతలు కూడా ఊరికే గీయరు, ఇంగ్లీషులో "ఆల్" అని రాసినట్టు గీస్తారు, ఏ అక్షరానికి మూడు, రెండు ఎల్‌లకి రెండేసి, మొత్తం ఏడు.

మన వాళ్ళు ఇక్కడ చేసే తప్పు ఒకటే, సైగలు. సంక్రాంతికి పేకాట ఆడినట్టు జోడీ వైపు కన్ను కొట్టడం, ముక్కు గోక్కోవడం, తెలుగులో "ఒరేయ్ ఐదున్నాయిరా" అనడం. మీ భాష వాళ్ళకి తెలియకపోవచ్చు కానీ మీ మొహం చూస్తే తెలుస్తది. ఫార్టీ టూలో టేబుల్ మీద ఆట గురించి నోరెత్తడమే తప్పు, ఒకసారి దొరికితే ఆ ముసలాయన మళ్ళీ మిమ్మల్ని పిలవడు. ఇంకోటి, మొదటి నాలుగు సార్లు పక్కన కూర్చుని చూడండి చాలు, పిలిచిన రోజే ఆడండి. నాకు రెండేళ్ళ ఎమ్మెస్‌లో మన తెలుగోళ్ళు కాకుండా దొరికిన స్నేహితులంటూ ఉంటే ఆ టేబుల్ దగ్గర దొరికినవాళ్ళే, క్లాసులో కాదు, ల్యాబ్‌లో కాదు.

రింగ్ డంక్ (కాలేజీ ఉంగరాన్ని బీరులో వేసి తాగడం) గురించి అడక్కుండా ఎవరూ ఉండరు కాబట్టి అదీ చెప్తా. ఏ అండ్ ఎంలో ఉంగరం అంటే మామూలు విషయం కాదు, 1889 బ్యాచ్ వాళ్ళు మొదలుపెట్టారు, ఇప్పుడున్న డిజైన్ 1894 బ్యాచ్ ఈ.సీ. జోనాస్ గీసింది, 1963లో కాలేజీ పేరు మారినప్పుడు దాని మీద అక్షరాలు మార్చారు తప్ప పెద్దగా చెయ్యి పెట్టలేదు. అండర్‌గ్రాడ్ వాళ్ళు 90 క్రెడిట్ అవర్లు పూర్తి చేస్తే కొనుక్కోవచ్చు, మాస్టర్స్ పీహెచ్‌డీ వాళ్ళకి రూల్స్ వేరే, అసోసియేషన్ ఆఫ్ ఫార్మర్ స్టూడెంట్స్ (పూర్వ విద్యార్థుల సంఘం) వాళ్ళనే అడగండి, సీనియర్ల మాట నమ్మి డబ్బు రెడీ చేసుకోకండి. చదువు అయ్యేదాకా ఉంగరం మీదున్న బ్యాచ్ నంబరు, అంటే బ్యాచ్ ఏడాది, మన వైపుకి చదివేలా పెట్టుకోవాలి, డిగ్రీ చేతికొచ్చాక బయటికి తిప్పుకోవాలి. మీ సీనియర్ ఉంగరం ఎటు తిరిగుందో చూస్తే వాడు ఇంకా పాసవ్వలేదో అయ్యాడో తెలిసిపోద్ది.

ఏడాదికి మూడుసార్లు, ఏప్రిల్, సెప్టెంబర్, నవంబర్‌లో రింగ్ డే పెట్టి ఇస్తారు. ఆ రోజు చాలామంది ఉంగరాన్ని పిచ్చర్ (పెద్ద జగ్గు) నిండా బీరులో వేసి, మొత్తం తాగేసి, చివరికి ఉంగరాన్ని పళ్ళతో పట్టుకుంటారు. డెబ్భైల్లో ఎవడో పొరపాటున గ్లాసులో పడేసుకున్నాడని, అక్కడినుంచే మొదలైందని కథ చెప్తారు. యూనివర్సిటీ పెట్టిన సంప్రదాయం కాదిది, పిల్లలు పెట్టుకున్నది. ఇప్పుడు లెక్క చూడండి, ఆ పిచ్చర్ 60 ఔన్సులు, అంటే అమెరికా క్యాన్లు ఐదు, మన వైపు 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలతో చెప్పాలంటే మూడుకి కొంచెం తక్కువ. అది బ్యాచ్ ఏడాది చివరి రెండంకెలు ఎంతో అన్ని సెకన్లలో తాగాలని పందెం. ఇది పిచ్చి పని, నేను మెత్తగా చెప్పను. ఐదు బీర్లు ఒక్క గుక్కలో పోస్తే ఒళ్ళు ఊరుకోదు, పైగా చివర్లో ఉంగరం సర్రున గొంతులోకి జారుద్ది. ఒకడు వాంతి చేసుకుంటుంటే వంద మంది వీడియో తీస్తుంటారు, ఆ వీడియో వాళ్ళ మామ్మకి కూడా చేరుద్ది.

చెయ్యాలనుంటే పద్ధతిగా చెయ్యండి. పిచ్చర్‌లో ఏం పోయాలన్నది మీ ఇష్టం, రూట్ బీర్ (పేరుకే బీరు, మందు లేని కూల్‌డ్రింక్), పాలు, ఐస్‌క్రీమ్, ఏదైనా సరే. బ్లూ బెల్ ఐస్‌క్రీమ్ పక్కనే బ్రెన్‌హామ్ ఊరిది, 1907 నుంచి ఉన్న కంపెనీ, కాబట్టి దాంట్లో ముంచితే అదీ లోకల్ సంప్రదాయమే. సగం పిచ్చర్ అయినా ఎవడూ కొలవడు. ఆఖరి రెండు గుక్కలు నెమ్మదిగా, గిన్నె మరీ పైకెత్తకుండా, పెదాలు మూసి వడగట్టినట్టు తాగాలి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మజ్జిగలో వేసింది, కరివేపాకు అల్లం వేసిన మజ్జిగ, ఆఖర్లో పళ్ళ మధ్య ఉంగరంతో పాటు కరివేపాకు రెబ్బ కూడా వచ్చింది, ఆ ఫోటోనే వాళ్ళ నాన్నగారు ఫ్రేము కట్టించారు. మా అందరి వీడియోల కన్నా అదే బెస్టు.

ఇంటికి తిరిగి వెళ్ళే సంగతి. టెక్సాస్ బార్లలో ఎంత లేటైనా రాత్రి రెండింటికి అమ్మకం ఆపేస్తారు, రెండుంబావుకి చేతిలో గ్లాసు కూడా ఉండకూడదు. ఆ టైముకి మనోడు "నేను బానే ఉన్నా, రెండే తాగా" అని తాళం తీస్తాడు. వినండి, ఎఫ్ వన్ (స్టూడెంట్ వీసా) మీద ఉన్నోడు తాగి నడుపుతూ పట్టుబడితే కోర్టులో తేలక ముందే, అరెస్ట్ అయితేనే, స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చెయ్యొచ్చు, 2015 నుంచి ఆ పద్ధతి నడుస్తోంది. ఇక్కడే ఉంటే చదువు ఆగకపోవచ్చు కానీ అక్క పెళ్ళికి ఇండియా వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దగ్గర కథ మళ్ళీ మొదలు. కారు లేకపోయినా రోడ్డు మీద తూలుతూ గొడవ చేస్తే పబ్లిక్ ఇంటాక్సికేషన్ అని 500 డాలర్ల దాకా ఫైన్ ఉంది. ఇరవై లక్షల లోన్ తీసుకుని వచ్చాం, పది డాలర్ల ఊబర్ దగ్గర పొదుపు చెయ్యకండి.

టేబుల్ మీద పేరు చెక్కడం గురించి కూడా అడుగుతారు. కత్తులు గట్రా పట్టుకెళ్ళకండి బాబూ, మన పాస్‌పోర్ట్‌కి అవి అచ్చిరావు. అక్కడ పనిచేసేవాళ్ళని అడిగి పెన్నుతో రాయండి, ఎప్పుడో ఎవడో చెక్కిన పేరు పక్కన చిన్న సందు దొరుకుద్ది. తెలుగులో రాయండి, ఇంగ్లీషులో రాస్తే వేల పేర్లలో కలిసిపోద్ది.

వెళ్ళే ముందు బిల్డింగ్ పక్కన సందు ఒకటి ఉంది, బాటిల్‌క్యాప్ ఆలీ, అది చూడకుండా రాకండి. ఆ సందు నేల మీద మట్టి కనపడదు, అన్నీ బీరు మూతలే, ఏళ్ళ తరబడి పడేసినవి, నడుస్తుంటే కంకర మీద నడిచినట్టు కరకరమంటది. కింద పొరవి తుప్పు పట్టి ఎర్రగా, పైవి తళతళా. పల్చటి చెప్పులతో వెళ్ళకండి గుచ్చుకుంటాయి, వానపడ్డాక వెళ్తే ఆ తుప్పు నీళ్ళు ప్యాంటు అంచుకి పట్టి ఇంక పోవు. చాలామంది గుర్తుగా ఒక మూత జేబులో వేసుకుంటారు, నేనూ వేసుకున్నా. మొదటిసారి ఇండియా వెళ్ళినప్పుడు సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య అది దొరికి మా అమ్మ కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. "సోడా మూత కూడా అక్కణ్ణుంచి మోసుకొచ్చావా నాయనా, ఇక్కడ దొరకవా" అంది.